ఇంట్లో వాషర్ లిక్విడ్ కలుపుకునేవాళ్లు ఏం వాడుతున్నారు?

రాత్రి_డ్రైవింగ్:
ముందు అద్దానికి కొట్టే వాషర్ లిక్విడ్ ఇంట్లోనే కలుపుకుందామని ఉంది. పగలు అద్దం బాగానే ఉంటుంది. రాత్రి ఎదురు బండి లైట్లు పడితే చాలు, అద్దమంతా చారలే, రోడ్డు కనబడదు. ఏ నీళ్లు పోయాలి, సబ్బు ఎంత కలపాలి, ఒకేసారి ఎక్కువ కలిపి నిల్వ పెట్టుకోవచ్చా? వాడుతున్నవాళ్లు కొలతలతో చెప్పండి.

పాతబండి:
సబ్బు సంగతి తర్వాత, ముందు బోరు నీళ్లు పోయడం ఆపండి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి పాత ఓనర్ అవే పోసేవాడట. నాజిల్ మూతి దగ్గర సున్నం పేరుకుపోయి ఒక పక్క చుక్క రాదు, ఇంకో పక్క నీళ్లు అద్దం దాటి రూఫ్ మీదకు ఎగిరేవి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియమే అంతా. ఎండలో నిలబెట్టిన బానెట్ వేడికి నీరు ఆరిపోతుంది, తెల్లపొర మిగులుతుంది.

వైపర్_ఫ్యాన్:
నా కొలత రాసుకోండి. లీటరు డిస్టిల్డ్ వాటర్, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు. చుక్కలంటే చుక్కలే, మూతతో కొలిచి పోయకండి. నురగ ఎక్కువైతే వైపర్ దాన్ని అటూ ఇటూ పూస్తుందే తప్ప తుడవదు, ఆరాక అదో కొత్త పొర. బట్టల సబ్బు పొడి అసలే వద్దు, సరిగ్గా కరగని పలుకులు పంపు జల్లెడలో ఇరుక్కుంటాయి. తలకు రాసుకునే షాంపూ కూడా వద్దు, వాటిలో చాలావాటికి జుట్టు మెరవడానికి సిలికాన్ కలుపుతారు. అది అద్దం మీద జిడ్డులా నిలుస్తుంది.

చల్లగాలి:
డిస్టిల్డ్ వాటర్ కొనడం దేనికండీ? ఇంట్లో ఏసీ పైపు కింద బకెట్ పెడితే నిండుతుంది. గాల్లో ఆవిరి చల్లబడి దిగిన నీళ్లు, లవణాలు ఉండవు. నేను ఎప్పటినుంచో అవే పోస్తున్నా, నాజిల్ ఒక్కసారి కూడా మూసుకుపోలేదు.

కెమిస్ట్రీ_మేడమ్:
చల్లగాలి గారూ, ఆవిరి చల్లబడిందనేది నిజమే, కానీ ఎక్కడ చల్లబడింది? దుమ్ము పట్టిన కాయిల్ మీద. తర్వాత అడుగున ట్రేలో నిలబడింది. ఆ ట్రేలో జిగటగా పెరిగే బూజు మీరు చూసే ఉంటారు. దాన్ని డిస్టిల్డ్ వాటర్ అని రాస్తే కొత్తవాళ్లు నిజమనుకుంటారు.

చల్లగాలి:
మేడమ్, నా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది. కుళాయి నీళ్ల పక్కన పెట్టి కొలిచాను, ఏసీ నీళ్లు ఎంతో తక్కువ చూపించాయి. కొలిచి మాట్లాడుతున్నాను.

కెమిస్ట్రీ_మేడమ్:
ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పోతుందో చూసి, దాన్నిబట్టి లవణాల అంచనా చెబుతుంది. బూజు, బ్యాక్టీరియా దానికి తెలియవు. సున్నం విషయంలో మీరు చెప్పేది సరే. శుభ్రత విషయంలో ఆ మీటర్ సాక్ష్యం చెల్లదు.

చల్లగాలి:
నేనేమీ తాగడం లేదు కదా! అద్దం మీద కొట్టే నీళ్లకు ఇంత పరీక్షా?

ల్యాబ్_ఉద్యోగి:
ఇక్కడే ఒక మాట చెప్పాలి, కొట్టిపారేయకండి. నాజిల్ నుంచి వచ్చేది సన్నటి తుంపర, అది కారు లోపలికీ వస్తుంది, మనం పీలుస్తాం. లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీళ్లలో పెరుగుతుంది, పీలిస్తే ఒక రకం న్యుమోనియా వస్తుంది. బ్రిటన్‌లో 2010లో వచ్చిన పరిశీలనలో, ట్యాంకులో వాషర్ లిక్విడ్ కలపకుండా ఉత్త నీళ్లు పోసుకునేవాళ్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. ఇంజిన్ పక్కన గోరువెచ్చగా ఉండే ట్యాంకు దానికి తగిన చోటు. ఏసీ నీళ్లనే కాదు, ఏ నీళ్లైనా సరే, వట్టివి నెలల తరబడి ఉంచకండి.

చల్లగాలి:
ఏసీ నీళ్ల మాట ఎత్తగానే ఆస్పత్రి దాకా తీసుకెళ్లారు. ఇలా భయపెడితే ఇక ఎవరూ అనుభవం పంచుకోరు.

ల్యాబ్_ఉద్యోగి:
భయపెట్టడం కాదు. మా ఇంట్లో పెద్దాయన ఊపిరితిత్తుల జబ్బు మనిషి, ముందు సీట్లో కూర్చుంటారు. అందుకే నాకు ఇది చిన్న విషయం కాదు.

గ్యారేజీ_బాబాయ్:
నీళ్ల గొడవలో పడి అసలు అడిగినవాడి బాధ వదిలేశారు. ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది, నా మాట వినండి. రాత్రి లైట్లకు చారలు కనబడుతున్నాయంటే నూటికి తొంభై సార్లు తప్పు లిక్విడ్‌ది కాదు. ముందు బండ్ల పొగలోని నూనె, కార్ వాష్‌లో రాసిన మైనం అద్దానికి పట్టేస్తాయి. దాని మీద ఏ లిక్విడ్ కొట్టినా వైపర్ ఆ జిడ్డునే పరుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దం మొత్తం తుడవండి, లోపలివైపు కూడా. తర్వాత అదే గుడ్డ మడిచి వైపర్ రబ్బరు అంచు మీద లాగండి, నల్లగా ఎంత వస్తుందో చూడండి. రబ్బరు పగిలి ఉంటే మార్చేయండి. ఆ తర్వాతే ట్యాంకు గురించి మాట్లాడదాం.

వైపర్_ఫ్యాన్:
తొంభై అనే లెక్క ఎక్కడిది బాబాయ్? లిక్విడ్‌లో సబ్బు ఎక్కువైనా ఇవే చారలు వస్తాయి, పైన రాశాను.

గ్యారేజీ_బాబాయ్:
చేతిలో స్పానర్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది ఆ లెక్క.

వైపర్_ఫ్యాన్:
స్పానర్ పట్టినవాళ్ల సంగతి నాకూ తెలుసు. ఒక గ్యారేజీలో సర్వీసుకిస్తే కుర్రాడు వాషర్ ట్యాంకులో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పోసి పంపాడు. దార్లో బటన్ నొక్కితే అద్దమంతా పచ్చటి జిడ్డు, వైపర్ తిప్పేకొద్దీ ఇంకా మసక. మూత మీద అద్దం, నీటి చిమ్ముడు బొమ్మ ఉంటుంది, అది చూసి పోయాలని చెప్పేవాళ్లు లేరా?

పాతబండి:
నాజిల్‌కు సున్నం పట్టినవాళ్లు వెనిగర్‌లో నానబెడితే కరుగుతుంది, నాకు అలాగే వదిలింది. సన్నగా మంచులా చల్లే నాజిళ్లలో సూది మాత్రం పొడవకండి, రంధ్రం ఆకారం పోతుంది. పంపు వైపు పైపు ఊడదీసి గాలి వెనక్కి ఊదాలి.

కెమిస్ట్రీ_మేడమ్:
నానబెట్టాక వెనిగర్ మొత్తం కడిగేయండి. అది పడిన సీసాలోనో గిన్నెలోనో బ్లీచింగ్ ద్రావణం పోయకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. ట్యాంకులో ఏదో ఒకటి పోసి శుద్ధి చేద్దామనుకునేవాళ్లు రెండుసార్లు ఆలోచించండి.

కొండదారి:
అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కలపొచ్చా? అద్దాలకు ఫిల్మ్ వేయించాను.

పాతబండి:
వద్దు. ఫిల్మ్ పాడవుతుంది, రబ్బరుకూ మంచిది కాదు.

కొండదారి:
మేముండే చోట చలికాలంలో నీళ్లు గడ్డ కడతాయి. పైన ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది, ట్యాంకో పంపో పగులుతుంది. ఇక్కడ కొందరు మిథనాల్ కొని కలుపుతున్నారు, మంచిదేనా?

కెమిస్ట్రీ_మేడమ్:
మిథనాల్ ముట్టుకోకండి. కొంచెం కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. యూరప్‌లో ప్రజలకు అమ్మే వాషర్ లిక్విడ్‌లో అది 0.6 శాతం లోపే ఉండాలని నిబంధన పెట్టారు. అంత చలి ఉన్నచోట ఇంటి మిశ్రమం పక్కన పెట్టి, ఏ ఉష్ణోగ్రత వరకు గడ్డకట్టదో సీసా మీద రాసి ఉన్నదే కొనండి.

రాత్రి_డ్రైవింగ్:
బాబాయ్ చెప్పినట్టు ఆల్కహాల్‌తో తుడిచాను. గుడ్డ నల్లగా అయింది, రాత్రి చారలు చాలావరకు పోయాయి. థ్యాంక్స్. కానీ నిల్వ సంగతి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_ఉద్యోగి:
నెలకు సరిపడా మాత్రమే కలపండి. వాడేసిన మంచినీళ్ల సీసాలో పోయకండి, పిల్లలు తాగేస్తారు. డబ్బా మీద పేరు, తేదీ రాసి అందనంత ఎత్తులో పెట్టండి.

చల్లగాలి:
సరే, ఏసీ నీళ్లలోనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే మీ బ్యాక్టీరియా చస్తుందా లేదా?

కెమిస్ట్రీ_మేడమ్:
ఆల్కహాల్ క్రిములను నమ్మకంగా చంపాలంటే 60 శాతం పైగా ఉండాలి. వాషర్ లిక్విడ్‌లో ఆల్కహాల్ కలిపేవాళ్లు లీటరుకు వంద, నూటయాభై మిల్లీలీటర్లే కలుపుతారు. అది జిడ్డు వదలడానికి సాయం చేస్తుంది, అంతే.

చల్లగాలి:
అయితే 60 శాతం పోస్తా.

గ్యారేజీ_బాబాయ్:
ఒద్దయ్యా! అంత గాఢంగా ఉంటే నిప్పంటుకుంటుంది, బానెట్ కింద పెట్టే సరుకు కాదది. బానెట్ మీద మైనం పోతుంది, ఆ వాసన ఏసీ గాలిలో కలిసి లోపలికి వస్తుంది. నీళ్లు ఏవైనా సరే, ట్యాంకు అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి కడిగి కొత్తవి పోసుకో. ఖాళీ అయ్యాక మాత్రం బటన్ పట్టుకుని నొక్కుతూ ఉండకు, నీళ్లు లేకుండా తిరిగితే పంపు కాలిపోతుంది.