బర్మాలో మరణించిన సైనికుని వివరాలు ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (రాజోలు):
మా తాతగారి అన్నగారు రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాలో మరణించారని ఇంట్లో చెబుతారు; అయితే ఆయన దళం పేరు గాని, సైనిక సంఖ్య గాని మా వద్ద లేవు. సమాధి ఎక్కడైనా ఉంటుందా?

జవాబు:
సమాధి కంటే ముందు స్మారకంపై పేరు కోసం వెతకండి. బర్మా పోరులో మరణించి, సమాధి తెలియకుండా పోయిన దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు రంగూన్ దగ్గరి తౌక్యాన్ శ్మశానవాటికలోని రంగూన్ స్మారకంపై చెక్కి ఉన్నాయి. దహనసంస్కారం జరిగిన సైనికులకు అక్కడే వేరే స్మారకం ఉంది. యుద్ధాల్లో మరణించిన సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి జాబితాను అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. 1947 డిసెంబరు 31 వరకు సంభవించిన మరణాలు అందులోకి వస్తాయి కనుక, యుద్ధం ముగిశాక ఆసుపత్రిలో కన్నుమూసినవారినీ వెతకవచ్చు.

మరొక జవాబు (అమలాపురం):
పై వారు చెప్పినది సరైనదే గాని, ఇంటిపేరుతో మాత్రమే వెతికితే నిరాశ తప్పదు; మన పేర్లను ఆనాటి గుమాస్తాలు చెవికి వినబడినట్టు ఆంగ్లంలో రాసుకున్నారు. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి కాబట్టి అదనపు సమాచారం గడిలో ఊరిపేరును రకరకాల అక్షరక్రమాలతో ప్రయత్నించండి. కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది, అందువల్ల తూర్పు గోదావరి అనే ఇవ్వాలి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ఆయన భార్యకు పింఛను వచ్చేదని అమ్మ అంటోంది.

జవాబు (అమలాపురం):
అయితే ముందు ఆ కాగితం వెతికించండి. సైనిక సంఖ్య దానిపైనే ఉండవచ్చు.