కాఫీ పడిన ల్యాప్‌టాప్: బోర్డు మార్చాలా, రిచీ స్ట్రీట్‌లో ఇవ్వాలా?

పెరుంగుడి నెల్లూరమ్మాయి:
నాలుగేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. శనివారం రాత్రి పాప చెయ్యి తగిలి ఫిల్టర్ కాఫీ గ్లాసు మొత్తం కీబోర్డు మీద పడింది. వెంటనే ఆపేసి, తుడిచి, బోర్లా పెట్టాను. పొద్దున ఆన్ అయింది, పది నిమిషాలు బాగానే ఉంది, తర్వాత ఆరిపోయింది. ఇప్పుడు ఛార్జింగ్ లైటు కూడా రావడం లేదు. సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలి, 38,000 అవుతుంది, డేటాకు మా బాధ్యత లేదు అన్నారు. విండోస్ 11 ల్యాప్‌టాప్, వారంటీ అయిపోయింది. మా నాన్నగారి ఆఖరి నెలల వీడియోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో రిపేరుకి ఇవ్వొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

వేలచ్చేరి వాసి:
రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి చూడండి. మా ఫోన్ అలాగే బాగైంది.

బోర్డు పనివాడు, ఒంగోలు:
మేడమ్, దయచేసి బియ్యంలో పెట్టకండి. రిచీ స్ట్రీట్‌లో పదకొండేళ్లుగా నేను చేసేది బోర్డు పనే. తడి ఆరినా చిప్‌ల కింద చేరిన పాలు, చక్కెర అక్కడే అంటుకుని ఉంటాయి. వాటిని బియ్యం ఏం చేయగలదు?

ముందు వీడియోల సంగతి చూడండి, రిపేరు తర్వాత. వెనక మూత తీస్తే చాలా మోడళ్లలో చూయింగ్ గమ్ పట్టీ అంత ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లన్నీ ఉండే డ్రైవ్, ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. బోర్డు పోయినా అందులోది సాధారణంగా క్షేమంగానే ఉంటుంది. దానికి సరిపోయే యూఎస్‌బీ కేస్ కొని, అందులో పెట్టి వేరే ల్యాప్‌టాప్‌కి తగిలించండి. బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం, ఉంటే దాని 48 అంకెల కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఫోన్‌లోనే చూసుకోండి. ఆ కీ లేకపోతే మాలో ఎవరూ ఏమీ చేయలేం. కొన్ని మోడళ్లలో, ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ బోర్డు మీదే ఉంటుంది. అప్పుడు బోర్డుకి ప్రాణం పోయాల్సిందే.

బ్యాటరీ కనెక్టర్ ఈ రోజే తీయించండి. స్విచ్ ఆపినా బ్యాటరీ ఉన్నంతసేపూ బోర్డులో కొన్ని చోట్ల కరెంటు ఉంటుంది. తేమ, కరెంటు కలిస్తే రాగి గీతలు పచ్చగా తుప్పు పట్టి తెగిపోతాయి. ఛార్జర్ పెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి.

ఎస్‌ఎస్‌డీ ఇంట్లోనే ఉంచి షాపుకి వెళ్లండి, బోర్డు పరీక్షకి అది అక్కర్లేదు. పనివాడు ముందు మీటరు పట్టాలి. బెంచ్ సప్లై నుంచి కరెంటు ఇచ్చి, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో, ఏ భాగం వేడెక్కుతోందో చూడాలి. చాలాసార్లు ఆవగింజంత కెపాసిటర్ షార్ట్ అయి ఉంటుంది. అది మార్చి, బోర్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. ఏమీ కొలవకుండా హీట్ గన్ పట్టుకున్నాడా, ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి. ఆ వేడికి చచ్చిన మంచి బోర్డులు వారానికి రెండైనా నా బల్ల మీదికి వస్తాయి, నాకు చాలా బాధేస్తుంది. ఆదివారం మాత్రం రాకండి, చాలా షాపులు మూసి ఉంటాయి.

పెరుంగుడి నెల్లూరమ్మాయి:
మా మరిది ఎస్‌ఎస్‌డీ తీశాడు. మీరన్నట్టే కీ అడిగింది. నా అకౌంట్‌లో లేదు, ల్యాప్‌టాప్ మొదట సెటప్ చేసింది మావారు కాబట్టి ఆయన అకౌంట్‌లో దొరికింది. 63 వీడియోలూ వచ్చాయి, రెండు డ్రైవ్‌లలో పెట్టాం. బోర్డు రిచీ స్ట్రీట్‌లో ఇచ్చాం. ఛార్జింగ్ దగ్గర రెండు కెపాసిటర్లు, ఒక మాస్‌ఫెట్ (కరెంటుకి స్విచ్‌లా పనిచేసే చిన్న భాగం) మార్చి 4,500 తీసుకున్నారు, పాతవి చేతిలో పెట్టారు. ఆన్ అవుతోంది కానీ ఎంటర్, స్పేస్ పడటం లేదు. కీబోర్డు కడిగితే వస్తుందా?

బోర్డు పనివాడు, ఒంగోలు:
వీడియోలు దొరికాయి, అది చాలు మేడమ్. కీబోర్డు మాత్రం మార్చేయండి. లోపలి పొరల్లో చేరిన చక్కెర కడిగినా పోదు. అంతవరకు బయటి యూఎస్‌బీ కీబోర్డు వాడండి.