క్వేకర్ చిలక ఈల వేస్తోంది గానీ మాట పలకడం లేదు, మనిషి గది దాటితే అరుపులు

కోట జంక్షన్ (విజయనగరం)

ఆకుపచ్చ క్వేకర్, వయసు ఏడు నెలలు, చేతిమేతతో పెరిగిన పిల్ల. కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో రిజిస్ట్రేషన్ అయింది. బరువు 104 గ్రాములు. పంజరం 24 × 18 × 24 అంగుళాలు, హాల్లో టీవీ పక్కన ఉంది. పిలిస్తే చేతి మీదికి వస్తుంది. కుక్కర్ విజిలూ గేటు కిర్రుమనే చప్పుడూ అచ్చం దింపేస్తోంది. మాట మాత్రం ఒక్కటీ లేదు. యూట్యూబ్‌లో దొరికే "హలో మిఠూ" రికార్డింగు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పెడుతున్నాం.

ఇంట్లో వాళ్లు వంటగదిలోకి వెళ్లినా చాలు, ఒకటే కీచుకీచు. పంజరం తుడవడానికి చెయ్యి పెడితే పొడుస్తుంది, బయటికొస్తే ఏమీ అనదు. చీపురు పుల్లలు లాక్కెళ్లి పంజరం ఊచల మధ్య గుచ్చుతోంది. ఇదంతా మామూలేనా? ఇంకో సందేహం. మా ఇంట్లో అందరం మన యాసలోనే మాట్లాడుకుంటాం. చిలకకి నేర్పేటప్పుడు పుస్తకం భాష వాడాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ముందు ఆ రికార్డింగు ఆపేయండి. ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికన్ గ్రే చిలకలతో చేసిన ప్రయోగాల్లో, మనిషి తోడు లేకుండా టేపు వినిపించినా, వీడియో చూపించినా ఆ పక్షులు మాటలు నేర్చుకోలేదు. చిలక గొంతు విప్పేది తన గుంపుతో కలిసి ఉండడానికి. జవాబివ్వని డబ్బాతో దానికి పనిలేదు. రోజూ రెండు గంటలు మోగితే దానికది ఫ్యాను చప్పుడుతో సమానం.

ఏడు నెలలకి మాట రాకపోవడం ఆలస్యమేమీ కాదు. క్వేకర్లు ఎక్కువగా ఆరు నెలలకీ ఏడాదికీ మధ్య మొదలెడతాయి. కొన్ని ఎప్పటికీ పలకవు, అందుకు సిద్ధపడే పెంచాలి. పొద్దు వాలాక పంజరంలో ఒక్కతే కూర్చుని లోగొంతుతో గొణుగుతోందేమో గమనించండి. విన్న మాటల్ని సాధన చేసుకునే వేళ అది. అప్పుడు దగ్గరికెళ్లి పలకరించకండి, ఆపేస్తుంది.

యాస సంగతికొస్తే, మీరు రోజూ ఎలా మాట్లాడతారో అలాగే నేర్పండి. బయటికెళ్లేటప్పుడు "ఎల్లొస్తాను", రాగానే "వచ్చీసినాను", మేత పెట్టేటప్పుడు "జామ తింతావా". ఏ పనికి ఏ మాటో ఆ పని జరిగేటప్పుడే, అదే మాట, కాస్త హుషారు గొంతుతో అనాలి. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటే దానికి ఏదీ పట్టుబడదు. మొదటి నెల మూడు మాటలు చాలు.

ఏ మాటలు ఎంచుకోవాలన్నది కూడా చూడండి. చిలకకి పెదవుల్లేవు. శబ్దం శ్వాసనాళం అడుగునున్న సిరింక్స్ అనే స్వరపేటికలో పుడుతుంది, నాలుక దాన్ని మలుస్తుంది. మీ దగ్గరున్న జాతి మీదే, అంటే మంక్ పారకీట్ మీదే, 2004లో వచ్చిన పరిశోధన నాలుక కొద్దిగా జరిగినా శబ్దం మారిపోతుందని చూపించింది. కాబట్టి క, ట, చ లాంటివి త్వరగా తేటపడతాయి, ప, బ, మ కొంచెం మసకగా వస్తాయి. పెపర్‌బర్గ్ దగ్గరున్న అలెక్స్ అనే గ్రే చిలక ఆపిల్‌ని 'ఆపిల్' అనకుండా 'బానెరీ' అని తనే ఒక పేరు పెట్టుకుంది. పకారం దానికి కష్టం కావడమే కారణం కావచ్చని అనుకున్నారు. "టాటా", "చిట్టి", "ఏటి?" మొదలుపెట్టడానికి బాగుంటాయి. "ఏటి?"లో చివర స్వరం పైకి లేస్తుంది కదా, చిలకలకి అలాంటి ఎత్తుపల్లాలంటే ఇష్టం.

పద్ధతి ఇదీ. ఇద్దరు మనుషులు కావాలి. టీవీ కట్టేసి, పొద్దున్నో సాయంత్రమో, మేతకి ముందు, ఐదు నుంచి పది నిమిషాలు. పక్షిని పంజరానికి దూరంగా ఒక కర్ర మీద కూర్చోబెట్టండి. మొదటి మనిషి జామ ముక్క చూపించి "ఇదేటి?" అనాలి. రెండో మనిషి "జామ" అనగానే ముక్క ఆ మనిషికిచ్చి మెచ్చుకోవాలి. మధ్యలో ఒకసారి కావాలని తప్పు చెప్పించండి, మొదటి మనిషి మొహం తిప్పేసి ముక్క దాచేయాలి. తరవాత పాత్రలు మార్చుకోండి. పక్షి చూస్తూ ఉంటుంది. దానికదే ఏదో ఒక శబ్దం చేస్తే, సగం కుదిరినా సరే, వెంటనే జామ ముక్క దానికివ్వండి. జామ అన్నందుకు జామే ఇవ్వాలి. పొద్దుతిరుగుడు గింజ ఇస్తే మాటకీ వస్తువుకీ ముడి పడదు. ఈ పద్ధతికి 'మోడల్ రైవల్' అని పేరు. ఇంట్లో చిన్న పిల్లలుంటే రెండో మనిషి పాత్ర వాళ్లకే ఇవ్వండి, వాళ్ల గొంతు సన్నగా ఉంటుంది, పక్షి చెవి పెడుతుంది.

బొబ్బిలి వీణ

మాట సంగతి పైన వచ్చేసింది. అరుపుల గురించి నేను రాస్తాను, నిజానికి ముందు తేలాల్సింది ఇదే.

అడవిలో చిలకల గుంపు చెట్ల మధ్య విడిపోయినప్పుడు "ఎక్కడున్నావ్", "ఇక్కడున్నా" అని పిలుచుకుంటూ ఉంటాయి. వెనిజులాలో చిన్న చిలకల మీద జరిగిన అధ్యయనం 2011లో వచ్చింది. ఒక్కో పిల్లకి తల్లిదండ్రుల దగ్గర్నుంచి ఒక ప్రత్యేకమైన పిలుపు వస్తుందని, ఆ పిలుపే దానికి పేరులా పనికొస్తుందని తేలింది. మీ పిల్లకి ఇంకా మీ నుంచి ఆ పిలుపు దొరకలేదు. అందుకే ఉన్న గొంతంతా వాడుతోంది.

ఒక చిన్న ఈల ఎంచుకోండి, రెండు స్వరాలు చాలు. గది దాటుతూ, అది అరవకముందే, ఆ ఈల వేయండి. గది అవతల నుంచి ఇంకోసారి. అది ఈలతోనో మెల్లని కూతతోనో బదులిస్తే ప్రతిసారీ జవాబివ్వండి. కీచుమంటే జవాబూ ఉండకూడదు, తొంగి చూడడమూ ఉండకూడదు. మూడు నాలుగు సెకన్లు ఊరుకున్న క్షణం పట్టుకుని ఈల వేయండి. ఆ మౌనాన్ని మెల్లమెల్లగా పది, ఇరవై సెకన్లకి సాగదీయండి.

మొదట్లో అరుపులు పెరుగుతాయి. పాత చిట్కా పనిచేయకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నించడం దానికి సహజం. ఎక్కువ ఇళ్లలో పద్ధతి చెడేది ఇక్కడే. ఒకరు ఓర్చుకుంటారు, ఇంకొకరు "పాపం" అని పరుగెత్తుకెళ్తారు, అంతే, ఇంకా గట్టిగా అరిస్తే మనుషులొస్తారని దానికి పాఠం వచ్చేస్తుంది. "నోర్ముయ్" అని కేకేసినా దాని లెక్కలో అది జవాబే.

పంజరం టీవీ పక్కనుంచి తీసేయండి. రోజుకి పది నుంచి పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి. రాత్రి పదకొండుకి సీరియల్ అయ్యేదాకా మేలుకుని, ఐదింటికి బిందెల చప్పుడుకి లేస్తే చిరాకు పడక ఏం చేస్తుంది? పంజరం ఒక వైపు గోడకి ఆనాలి, నాలుగు వైపులా తెరిచి ఉంటే బెదురు తగ్గదు. మీది కోట దగ్గరే కాబట్టి పైడితల్లి సిరిమాను జాతర రోజున, దీపావళికి, మోత వినపడకుండా లోపలి గదిలోకి మార్చండి.

పొడవడం, పుల్లలు గుచ్చడం రెండూ జాతి గుణాలు. చిలకల్లో పుల్లలతో గూడు అల్లేది ఈ మంక్ పారకీట్ ఒక్కటే. పంజరం దాని సొంత ఇల్లు, ఇంట్లో చెయ్యి పెడితే ఊరుకోదు. బయటికి తీసి ఇంకో గదిలో ఉంచాక తుడవండి. ఒకటీ రెండూ పుల్లలతో ఆడుకుంటే పర్వాలేదు. గూడు లాగా పేరుస్తూ మీద పడి కరుస్తుంటే పుల్లలు, అట్టపెట్టెలు, దూరే మూలలు అన్నీ తీసేయండి. నిమరడం తల, మెడ వరకే. వీపు, రెక్కల కింద నిమిరితే జతకట్టే కోరిక రేగి పోట్లు ఎక్కువవుతాయి.

కంటిపాప పెద్దదీ చిన్నదీ అవుతూ, మెడ ఈకలు నిక్కబొడుచుకుని తోక విప్పిందంటే చెయ్యి పెట్టకండి. తల వంచి మెడ ఈకలు వదులు చేస్తే గోకమని అడుగుతున్నట్టు. పిల్ల క్వేకర్ తల ఊపుతూ వణకడం మామూలే. ఒళ్లు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని వణికితే మాత్రం జబ్బు.

ఆమదాలవలస స్టేషన్

మధ్యలో దూరుతున్నాను. మా దగ్గరున్నది మామూలు రామచిలుక, తెలిసినవాళ్లు ఇచ్చారు. ఇవే పద్ధతులు దానికీ పనికొస్తాయా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పద్ధతులు పనికొస్తాయి, చట్టం ఒప్పుకోదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద రామచిలుక రక్షిత పక్షి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అది రెండో షెడ్యూల్లో ఉంది. ఎవరో ఇచ్చారన్నా, గుడ్డు నుంచి పెంచామన్నా మినహాయింపు లేదు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. గండు చిలుకకీ ఇదే వర్తిస్తుంది. జోస్యం చెప్పేవాళ్ల దగ్గర కనిపిస్తున్నాయి కదా అని తప్పు ఒప్పైపోదు.

అలాగని గేటు తీసి వదిలేయకండి. రెక్క కత్తిరించిన పక్షి, మనిషి చేతిమేతకి అలవాటు పడ్డ పక్షి బయట ఎక్కువ రోజులు బతకదు. దగ్గరి అటవీ రేంజ్ కార్యాలయానికి ఫోన్ చేసి మీ అంతట మీరే అప్పగించండి.

విదేశీ జాతుల్లో సైటీస్ (వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవాటికి (క్వేకర్, ఆఫ్రికన్ గ్రే, సన్ కన్యూర్ లాంటివి) 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు తప్పనిసరి. చేతికొచ్చిన 30 రోజుల్లోపు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. బడ్జీ, కాకటీల్ అనే చిన్న చిలకలు ఆ జాబితాలో లేవు. మాట్లాడే పక్షే కావాలంటే మగ బడ్జీని చిన్నచూపు చూడకండి. పక్ అనే బడ్జీకి 1,728 మాటలు వచ్చని 1995 గిన్నిస్ రికార్డులో ఉంది. పెద్ద మగదానికి ముక్కు పైభాగం నీలంగా, ఆడదానికి గోధుమ రంగులో ఉంటుంది. బడ్జీ గొంతు సన్నం, వేగం ఎక్కువ, చెవి పెట్టి వినాలి.

పలాస జీడి

తిండి, గాలి గురించి ఎవరూ రాయలేదు. పక్షి ఆరోగ్యంగా లేకపోతే మాటా రాదు.

క్వేకర్లకి కొవ్వు త్వరగా పడుతుంది, కాలేయం పాడవుతుంది. దుకాణాల్లో అమ్మే పొద్దుతిరుగుడు గింజల మిక్స్ గిన్నెలో పోసి వదిలేయడం వల్లే ఈ జబ్బు ఎక్కువ. సగానికి పైగా పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసిన గుళికల మేత) ఉండేలా చూడండి. మిగతాది కొర్రలు, సజ్జలు, మొలకెత్తిన పెసలు, మునగాకు, క్యారెట్, బొప్పాయి, జామ. పచ్చిమిరప నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు, పక్షులకి కారం తెలియదు. మొక్కజొన్న పొత్తు తొక్కతోనే కట్టి వేలాడదీస్తే ఒలుచుకు తినడంలో పూటంతా గడుస్తుంది, అరుపులూ తగ్గుతాయి. మొలకలు మన ఉక్కలో మూడు గంటల్లో జిగురు కడతాయి, అంతలోపే గిన్నె తీసేయండి. వేరుశనగ వద్దు, చెమ్మకి పట్టే బూజు విషం. జీడిపప్పు ఉప్పు లేనిది బియ్యపుగింజంత, శిక్షణలో బహుమతిగా మాత్రమే. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఊరగాయ అసలు పనికిరావు.

వంటింటి తరాజు ఒక గ్రాము తేడా చూపించేది కొని, పొద్దున్న మొదటి రెట్ట వేశాక, మేతకి ముందు తూచి రాసుకోండి. జబ్బుని పక్షి చివరిదాకా దాచిపెడుతుంది, బరువు దాచలేదు. మీ 104లో పది గ్రాములు తగ్గితే ఇక ఆగకూడదు. గరివిడి పశువైద్య కళాశాలకి ముందుగా ఫోన్ చేసి, పక్షుల్ని చూసే డాక్టరు ఎప్పుడుంటారో కనుక్కుని వెళ్లండి.

నాన్‌స్టిక్ పెనం ఎక్కువ వేడెక్కితే వచ్చే ఆవిరి మనకి వాసన కూడా తెలియకముందే చిలకని చంపేస్తుంది. పంజరం వంటగదికి దూరంగా ఉండాలి. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చక్రం ఉన్న గదిలో పక్షి ఉండకూడదు. దోమలకి తెర కట్టండి, ముక్కుకి అందకుండా జానెడు ఎడంగా. బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాను ఆగిందో లేదో రెక్కలు చూసి నిర్ధారించుకోండి. స్విచ్ కట్టాక కూడా కాసేపు తిరుగుతుంది.

కోట జంక్షన్ (విజయనగరం)

చాలా థాంక్స్ అండీ. పంజరం పడమటి గదిలోకి మారుస్తున్నాం. రెండు ప్రశ్నలు మిగిలాయి. కుక్కర్ విజిల్ మానిపించొచ్చా? మా నాయనమ్మ కీచుమనగానే "ఏటమ్మా" అంటూ వెళ్లిపోతుంది, ఆవిడని ఆపలేం.

బొబ్బిలి వీణ

విజిల్‌కి అందరూ నవ్వుతున్నారు కాబట్టే వేస్తోంది. నవ్వు మానేసి, మీ ఈలకి మాత్రమే మొహం తిప్పండి. పూర్తిగా పోదు, తగ్గుతుంది. బూతులకీ ఇదే మందు.

నాయనమ్మని ఆపకండి, ఆవిడ "ఏటమ్మా"నే ఈల స్థానంలో పెట్టుకోండి. అరవకముందు, గంటకి నాలుగైదుసార్లు, దారిలో వెళ్తూ అనమనండి. కీచుమన్నప్పుడు మాత్రం కూర్చున్న చోటే ఉండమనండి. మొదటి మాట అదే అయ్యే అవకాశం ఎక్కువ, చివర స్వరం కూడా బాగా లేస్తుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పడమటి గది అన్నారు. ఏప్రిల్ నుంచి సాయంత్రం ఎండ నేరుగా పంజరం మీద పడుతుందేమో చూసుకోండి. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి ఎడంగా పెడితే వేడి ఎక్కువైనట్టే. చల్లటి చోటికి మార్చి, కాళ్ల మీద మామూలు నీళ్లు చిలకరించండి, ఐసు నీళ్లు వద్దు.