రక్ గెలుస్తున్నాడు, బాల్ మాత్రం వాళ్లకే పోతోంది

మెల్‌బోర్న్‌లో మా పిల్లల ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) టీమ్ కోచ్‌కి సాయం చేస్తున్నాను. మా రక్ (అంపైర్ బాల్ పైకి లేపినప్పుడు ఎగిరి దాన్ని తట్టేవాడు) పొడుగరి, ప్రతి బౌన్స్‌లో బాల్ ముందు వాడికే తగులుతుంది, కానీ మా రోవర్‌కి (రక్ తట్టిన బాల్ అందుకునేవాడికి) ఒక్కటీ అందదు. ఏం చేయించాలండీ?

— రోవర్ నిలబడి ఎదురుచూస్తున్నాడా? అదే తప్పు. రక్ చూసే వైపు 12 గంటలు అనుకోండి, "4" అంటే బాల్ అక్కడ పడాలి, రోవర్ అప్పటికే పరుగులో ఉండాలి. ముందు ప్రత్యర్థి లేకుండా చేయించండి.

— గట్టిగా బాదనివ్వకండి, మెత్తగా దించాలి. 1963లో ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచిన జీలాంగ్ జట్టులో పోలీ ఫార్మర్ రక్, బిల్ గాగిన్ రోవర్. ఆ జోడీ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

— మరి రక్ ఓడితే? బౌన్స్ అప్పుడు సెంటర్ స్క్వేర్‌లో (మైదానం మధ్య గీసిన చతురస్రంలో) టీమ్‌కి నలుగురే కదా, ఒకడు మన గోల్ వైపు కాపలా ఉండాల్సిందే.

— అయ్యో, మావాళ్లు నలుగురూ బాల్ మీదకే!