అప్‌డేట్: వెంటిలేటర్ తర్వాత నాన్నగారి మింగుడు ఇబ్బంది

ఫ్లూ ముదిరి న్యుమోనియా వచ్చి వెంటిలేటర్‌పై ఉండి బయటపడ్డ నాన్నగారికి తొడల కండ కరిగిపోయిందని, నీళ్లు తాగితే పొలమారుతోందని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. స్పీచ్ థెరపిస్టును (మాటతో పాటు మింగుడు సమస్యలూ చూసే నిపుణులు) కలవమన్నవారికి రుణపడి ఉంటాను. బేరియం (ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించే పదార్థం) కలిపిన ద్రవం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీశారు. పలుచని ద్రవం కొంత శ్వాసనాళంలోకి జారుతోంది, ఒక్కోసారి దగ్గు కూడా రాకుండానే! చూస్తుంటే గుండె జారిపోయింది. వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం పెట్టినవారిలో ఇది తరచూ కనిపిస్తుందట.

ఇప్పుడు నీళ్లలో చిక్కబరిచే పొడి కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం ఛాతీవైపు వంచమని చెంచాతో పట్టిస్తున్నాం. గడ్డం వంచడం అందరికీ సరిపడదు, పరీక్ష లేకుండా దయచేసి ప్రయత్నించకండి. గుడ్డు, మెత్తటి పప్పన్నం, ఫిజియోథెరపీతో కాళ్లకు బలం వస్తోంది. నిన్న కుర్చీ చేతులు పట్టుకుని తనంతట తానే లేచారు. వచ్చే నెల మళ్లీ వీడియో పరీక్ష. అంతవరకు పలుచని నీళ్లు వద్దన్నారు.