బోరు నీళ్ళతో ముఖం గుంజుతోంది, జుట్టు చీపురైతోంది: తప్పు ఫ్లోరైడ్‌దా, సబ్బుదా?

మర్రిగూడ_చిన్నక్క:

మాకు తాగడానికి భగీరథ నీళ్ళు, తానానికి, బట్టలకు బోరు నీళ్ళు. బోరు నీళ్ళల్ల మీటర్ పెడితే టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 1150 చూపిస్తున్నది. ల్యాబ్ రిపోర్టుల కఠినత్వం (నీళ్ళల్ల కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకు 600 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 2.1 అని రాసిన్రు. ముఖం కడిగిన పది నిమిషాలకే చెంపలు గుంజుతయి, ముక్కు పక్కల పొట్టు లేస్తది. జుట్టు సంగతి చెప్పనే వద్దు.

అంతా ఫ్లోరైడ్ వల్లనే అని ఒకరంటరు. బకెట్ల పటిక తిప్పమని ఇంకొకరు, నిమ్మచెక్క రుద్దమని మరొకరు. 1800 రూపాయల షవర్ ఫిల్టర్ పెడితే వారంల తేడా తెలుస్తదని దుకాణంల చెప్తున్నరు. టీఎఫ్ఎం (బిళ్ళల కొవ్వు పదార్థం లెక్క) 76 శాతం ఉన్న సబ్బు కొంటే చాలని ఇంకో మాట. వీటిల నిజమెంత? మోతాదులతో సహా చెప్పగలిగినోళ్ళు చెప్పున్రి.

సబ్బుల_కెమిస్ట్రీ:

ముందు ఫ్లోరైడ్‌ను పక్కన పెట్టేయండి. మన గ్రానైటు రాళ్ళలోంచి నీళ్ళలోకి దిగే ఫ్లోరైడ్ ఒంటికి చేటు చేసేది తాగితేనే, ఆ నీళ్ళతో వండుకుని తింటేనే. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, ఎముకలు బిగుసుకుపోవడం ఆ దారిన వచ్చేవే. స్నానం చేసేటప్పుడు చర్మం దాటి లోపలికి పోయేది లెక్కలోకి రానంత తక్కువ. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి మీ 2.1 నీళ్ళు తాగడానికీ వంటకీ వద్దు. ముఖం కడగడానికి ఆ అంకెతో పేచీ లేదు.

నల్లా మూతికి పట్టే తెల్ల గార కూడా ఫ్లోరైడ్ కాదు, కాల్షియం కార్బొనేట్. కాల్షియం మరీ ఎక్కువున్న నీళ్ళలో ఫ్లోరైడ్ కరిగి నిలవలేదు, రెండూ జతకట్టి కిందికి దిగిపోతాయి. 600 కఠినత్వంతో పాటు 2.1 ఫ్లోరైడ్ కూడా ఉందంటే ఆ 600లో మెగ్నీషియం వాటా కూడా బాగానే ఉండొచ్చు. రిపోర్టులో రెండూ విడిగా రాసి ఉంటాయి, చూడండి.

అసలు గొడవ సబ్బుకీ ఈ కాల్షియం, మెగ్నీషియాలకీ మధ్య. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కాల్షియం తగిలితే సోడియం తప్పుకుని కాల్షియం సబ్బు తయారవుతుంది. అది నీళ్ళలో కరగదు, నురగ రాదు, తెల్లటి జిడ్డు తెట్టెగా చర్మానికీ వెంట్రుకకీ అంటుకుంటుంది. ఎంత సబ్బు ఇలా చచ్చిపోతుందో లెక్క వేస్తే మతి పోతుంది: 20 లీటర్ల బకెట్లో 600 చొప్పున 12 గ్రాముల కఠినత్వం. దాన్ని పూర్తిగా తీర్చాలంటే సుమారు 70 గ్రాముల సబ్బు, అంటే ఇంచుమించు ఒక చిన్న సబ్బు బిళ్ళ. ఒక్క స్నానానికి అంత ఎవరూ వాడరు కదా. కాబట్టి మీరు రుద్దిన సబ్బులో చాలా భాగం కడుక్కునేటప్పుడే తెట్టెగా మారుతోంది.

దీని మీద ఇంకో దెబ్బ ఉంది. సబ్బు పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే కొలత) 9 నుంచి 10, చర్మం పైపొర పీహెచ్ దాదాపు 5. ఆ పొరలో తేమను పట్టి ఉంచే కొవ్వులను తయారుచేసే ఎంజైములు ఆమ్లంలోనే బాగా పనిచేస్తాయి. పీహెచ్ పెరిగితే అవి మందగిస్తాయి, కణాలను ఊడగొట్టే ఎంజైములు చురుకవుతాయి. గుంజడం, పొట్టు అందుకే.

అందుకని టీఎఫ్ఎం అంకె మీకు అక్కరకు రాదు. 76 శాతం అంటే బిళ్ళలో కొవ్వు పదార్థం ఎక్కువ, కల్తీ తక్కువ అని అర్థం, మెత్తన అని కాదు. 76 ఉన్నా అది సబ్బే, మీ నీళ్ళలో తెట్టె కట్టేదే. అట్ట మీద పదార్థాల వరుస చదవండి. మొదట్లోనే సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని ఉంటే సబ్బు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే సిండెట్, అంటే సబ్బు కాని కృత్రిమ క్లెన్సర్ బిళ్ళ. సిండెట్ కాల్షియంతో తెట్టె కట్టదు, పీహెచ్ కూడా 5.5 నుంచి 7 మధ్య ఉంటుంది. కొన్ని బిళ్ళల్లో రెండూ కలుపుతారు, ఏది ముందు రాశారో చూసుకోవాలి. డబ్బులు పెట్టదలిస్తే ముందు ఇక్కడ పెట్టండి.

పాలమూరు_పైపులు:

చిన్నక్కా, ఆ షవర్ ఫిల్టర్ జోలికి పోకు. అండ్ల ఏమేస్తరంటే బొగ్గు, రాగి-జింకు పొడి, కాల్షియం సల్ఫైట్ గోలీలు. అవన్నీ క్లోరిన్ పట్టేటివి. మున్సిపాలిటీ నల్లాకు పెడితే అంతో ఇంతో అర్థముంది. బోరు నీళ్ళల్ల క్లోరిన్ ఎక్కడిది? లేనిదాన్ని ఏం తీస్తది?

కఠినత్వం తియ్యాల్నంటే అయాన్ మార్పిడి రెసిన్ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని సోడియం వదిలే గోలీలు) కావాలె, ఉప్పు నీళ్ళతోని మళ్ళ మళ్ళ కడిగే రకం. లీటరు రెసిన్ ఒక్క విడతకు సుమారు 50 గ్రాముల కఠినత్వం పడతది. నీ నీళ్ళు లీటరుకు 0.6 గ్రాములు, అంటే లీటరు రెసిన్‌కు 80 లీటర్ల పైచిలుకు. షవర్‌కు బిగించే డబ్బాల మా అంటే పావు లీటరు పడతది. గంటే ఒక్క బకెట్ నీళ్ళకే ఖతం! వారంల తేడా తెలుస్తదన్నది నిజమే, డబ్బులు పోయిన తేడా.

ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ (ఈ రెసిన్ నింపిన పెద్ద డబ్బా) పెట్టుకుంటే పని అయితది గని 25 లీటర్ల రెసిన్ అయినా రెండు వేల లీటర్లకొకపాలి ఉప్పు కడుగుడు తప్పది, ఆ ఉప్పు నీళ్ళు చెట్లకు పొయ్యొద్దు. ఇంకోటి, సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తియ్యది. అయింది కదా అని ఆ నీళ్ళు తాగేరు.

టీడీఎస్ మీటర్‌ను కూడ నమ్ముకోకు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెప్తది, మామూలు ఉప్పు ఉన్నా అంకె లేస్తది. సాఫ్ట్‌నర్ నుంచి వచ్చిన నీళ్ళకు కూడ టీడీఎస్ దాదాపు అంతే చూపిస్తది, కఠినత్వం మాత్రం పోయి ఉంటది. ఇంట్లనే చూసుకోవాల్నంటే పారదర్శకం సీసల 200 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మామూలు సబ్బు తురుము చిటికెడు ఏసి పది సార్లు ఊపు. పక్కన ఆర్‌ఓ నీళ్ళతోని అట్లనే చెయ్యి. నురగ నిలుస్తలేదు, నీళ్ళు పాలలెక్క అయినయంటే కఠినం. గిన్నెలు తోమే లిక్విడ్‌తోని మాత్రం చెయ్యకు, అది ఏ నీళ్ళలనైనా నురగొస్తది. పప్పు ఉడకకపోవుడు కూడ ఇదే లెక్క, కాల్షియం పప్పు గోడలను గట్టి చేస్తది.

కిచెన్_చిట్కాలు:

పటిక, నిమ్మచెక్కల సంగతి ఎవరూ చెప్పలేదేం? పటిక పనిచేయదా? మా ఇంట్లో అందరూ వాడతారు. నిమ్మకాయ కూడా సహజమే కదా, దాంతో ఏం నష్టం?

సబ్బుల_కెమిస్ట్రీ:

పటిక అల్యూమినియం లవణం. మన్ను కలిసిన నీళ్ళలో బురద రేణువులను ముద్ద కట్టించి అడుక్కి దించుతుంది, కరిగిన కాల్షియాన్ని ఏమీ చేయదు. మన జిల్లా పేరుతో ప్రపంచమంతా తెలిసిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వాడతారు, అయితే అది తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి. ఈ రెండు పనులూ కలగలిసి పటిక అన్నిటికీ మందు అనే మాట పుట్టినట్టుంది. మరిగించడం మాత్రం కొంత పనిచేస్తుంది: బైకార్బొనేట్ రూపంలో ఉన్న కఠినత్వం గిన్నెకు గారగా పట్టి పోతుంది. సల్ఫేటు, క్లోరైడు రూపంలో ఉన్నది ఎంత మరిగించినా పోదు. పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, పైనీళ్ళు వంచుకోవాలి.

నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5. ముఖం మీద నేరుగా రుద్దితే మంట పుట్టడం సహజమే. దానికంటే పెద్ద చిక్కు నిమ్మ జాతిలో, ముఖ్యంగా తొక్కలో, ఉండే ఫ్యూరోకూమరిన్లు. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అతినీలలోహిత-ఎ (యూవీ-ఎ) కిరణాలతో కలిసి కణాలను కాల్చినంత పని చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, బొబ్బలు; తర్వాత వారాలు, నెలలు నిలిచే నల్లమచ్చ. మచ్చ పోవడానికని రుద్దుకున్నది కొత్త మచ్చ పెడుతుందన్నమాట. జీడిగింజ రసం చర్మాన్ని కాలుస్తుందని పిల్లలకు కూడా తెలుసు, అదీ సహజమే కదా.

జుట్టుకైతే పలుచని ఆమ్లం మంచిదే, అది వెంట్రుకకు పట్టిన కాల్షియం తెట్టెను వదిలిస్తుంది. లీటరు ఆర్‌ఓ నీళ్ళలో అర చెక్క నిమ్మరసం వడగట్టి, లేదా 15 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపి, తలస్నానం అయ్యాక కుదుళ్ళకు కాకుండా వెంట్రుకల పొడవునా పోసి, నిమిషం ఉంచి, మళ్ళీ ఆర్‌ఓ నీళ్ళతోనే కడగాలి. బోరు నీళ్ళలోనే కలిపితే ఆ నీళ్ళలోని బైకార్బొనేట్ ఆమ్లంలో కొంత తినేస్తుంది. వారానికొకసారి చాలు.

చర్మం_చదువు:

ఒక్క విషయం ఎవరూ పట్టించుకోలేదు. చెంపలు గుంజడం నీళ్ళ వల్ల కావచ్చు గానీ, ముక్కు పక్కనా కనుబొమల్లోనూ పసుపుపచ్చగా జిడ్డు పొట్టు లేస్తుంటే, తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబొరిక్ డెర్మటైటిస్ (జిడ్డు ఎక్కువుండే చోట్ల చర్మం ఎర్రబడి పొట్టు లేచే జబ్బు) అయ్యే అవకాశం ఎక్కువ. మలసీజియా అనే ఈస్టు దీనికి మూలం. నీళ్ళు మార్చినా అది పోదు. కొబ్బరినూనె రాస్తే మరింత మేత వేసినట్టే, ఎందుకంటే నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే ఆ ఈస్టుకు తిండి. దీనికి మామూలుగా 2 శాతం కీటోకోనజోల్ అనే ఫంగస్ మందు వాడతారు, ముందు చర్మ వైద్యులకు చూపించుకోండి. మందుల దుకాణంలో ఇచ్చే మూడు మందుల మిశ్రమం ట్యూబు మాత్రం వద్దు. అందులో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఉంటుంది, మూడు రోజుల్లో ముఖం నున్నగా కనబడుతుంది, నెలలు వాడితే చర్మం పలచబడి, సన్నటి ఎర్ర రక్తనాళాలు తేలి, మానగానే మంట మొదలవుతుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది.

నీళ్ళు మెత్తబడితే చర్మం బాగుపడుతుందన్న ఆశ కూడా కొంచెం తగ్గించుకోవాలి. బ్రిటన్‌లో ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న 336 మంది పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, 12 వారాలు ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టినా మామూలు చికిత్స కంటే ఎగ్జిమా ఏమీ ఎక్కువ తగ్గలేదు. కఠిన నీళ్ళతో కడిగితే డిటర్జెంటు చర్మం మీద ఎక్కువ మిగులుతుందన్నది మాత్రం తేలిన సంగతే. అందుకే నీళ్ళ కంటే కడిగే వస్తువునూ, తర్వాత రాసే క్రీమునూ మార్చడం ముఖ్యం.

ముఖానికి రోజుకు రెండు సార్లు, గోరువెచ్చని నీళ్ళు, సిండెట్. ఆఖరికి రెండు చెంబుల ఆర్‌ఓ నీళ్ళు చాలు, ఒంటికంతా అక్కర్లేదు. టవల్‌తో అద్ది, తడి ఆరకముందే, మూడు నిమిషాల లోపు గ్లిజరిన్, పెట్రోలాటం ఉన్న క్రీము. మోతాదు: చూపుడు వేలి చివరి కణుపంత గీత సుమారు అర గ్రాము, ముఖం మెడ కలిపి రెండున్నర గీతలు. వేడినీళ్ళకు రంధ్రాలు తెరుచుకుని చన్నీళ్ళకు మూసుకుంటాయన్నది ఉత్త మాట, వాటికి కండరాలే లేవు.

మర్రిగూడ_చిన్నక్క:

తలల చుండ్రు ఉన్నది, కనుబొమల్ల కూడ పొట్టు లేస్తది. డాక్టర్‌కు చూపిస్త. ఒక్కటే ప్రశ్న: తలకు కుంకుడుకాయ పోసుకోవచ్చా? ఈ నీళ్ళల్ల అదన్న పనిచేస్తదా?

సబ్బుల_కెమిస్ట్రీ:

పనిచేస్తుంది. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు సబ్బులా కాల్షియంతో తెట్టె కట్టవు, రసం కొంచెం ఆమ్లంగానే ఉంటుంది. భుజాల దాకా జుట్టుకు 8 నుంచి 10 కాయలు కొట్టి గింజ తీసేసి, 300 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టండి. పిప్పి మిగిలితే తలలో ఇరుక్కుని దురద పెడుతుంది. కంట్లో పడితే మంట గట్టిగానే ఉంటుంది, తల వెనక్కి వంచి పోసుకోండి.

పాలమూరు_పైపులు:

రసం ఎక్కువ చేసి దాచకు చిన్నక్కా, బయట పెడితే ఒక్క రోజుకే పులుస్తది. ఫ్రిజ్జుల పెడితే రెండు మూడు రోజులు. వాసనొస్తే బాత్రూం బండలకు పొయ్యి, మంచిగ తెల్లగయితయి.