పాప ఫోటోలు ఎవరో తెలియనివాళ్లు చూస్తున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న (విజయనగరం):
సిరిమాను పండక్కి అందరం కలిసినప్పటి ఫోటోలు ఒక సైట్లో ఆల్బంగా పెట్టానండి, బెంగళూరులో ఉన్న మా తమ్ముడు చూస్తాడని. నిన్న చూస్తే పాప పట్టుపరికిణీ ఫోటోని ముక్కూమొహం తెలియనివాడెవడో ఫేవరెట్స్‌లో పెట్టుకున్నాడు, వాడి పేజీ తెరిస్తే అన్నీ చిన్నపిల్లల ఫోటోలే. రాత్రంతా నిద్రపట్టలేదు. లాక్ చేస్తే చాలా, తీసెయ్యాలా?

జవాబు (బొబ్బిలి):
ముందు వాడి పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండక్కా, లింక్ కూడా దాచండి, ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. ఆల్బం ప్రైవేట్ చెయ్యండి. ఫ్లికర్‌లో అయితే ఫ్యామిలీకి మాత్రమే అని పెట్టుకోవచ్చు. గూగుల్ ఫోటోస్‌లో లింక్ షేరింగ్ ఆన్‌లో ఉంటే ఆ లింక్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చూసేస్తారు, అది ఆపేసి తమ్ముడి జీమెయిల్‌కే ఇవ్వండి.

జవాబు (ఆమదాలవలస):
లాక్ చేసినా ఈపాటికే డౌన్‌లోడ్ చేసుకుంటే వెనక్కి రాదమ్మా, అందుకే పాప ఒక్కర్తే ఉన్నవి తీసెయ్యడమే నయం. కెమెరాలో లొకేషన్ ఆపండి. మా మేనకోడలి ఫోటోలో యూనిఫాం బ్యాడ్జీ, వెనకాల ఇంటి గేటు మీద నంబరు రెండూ కనబడ్డాయి, మేం నెలరోజులు గమనించలేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఆడపిల్లలు, చిన్నపిల్లల ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది, పిల్లల విషయం కాబట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చెయ్యొచ్చు.

విజయనగరం:
స్క్రీన్‌షాట్లు తీశాను, రిపోర్ట్ కొట్టాను, ఆల్బం మొత్తం తీసేశాను. తమ్ముడికి ఇవాళే వాట్సాప్‌లో పంపేశాను. మా అత్తగారు స్టేటస్‌లో పెట్టినవి ఇంకా ఉన్నాయి, సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాలి.